మానడం ఒక పనా?

పొద్దున ఆరున్నరకు ఒక మిల్లీలీటరు, రాత్రి తొమ్మిదిన్నరకు ఇంకొక మిల్లీలీటరు. తల తడి లేకుండా తుడుచుకుని, అద్దం ముందు నిలబడి, జుట్టు పాయలు విడదీసి, డ్రాపర్‌తో నడినెత్తి మీద చుక్కలు చుక్కలుగా వేసుకుని వేలికొసలతో రాసుకోవాలి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. నాలుగు గంటలదాకా తల తడపకూడదు. 2009 నుంచి 2022 దాకా, పదమూడేళ్లు, ఈ పని నేను ఒక్క పూట తప్పలేదు. రైల్లో తప్పలేదు, చెల్లెలి పెళ్లిలో తప్పలేదు, కరోనా వచ్చి మేడమీద గదిలో పదిహేను రోజులు ఒక్కణ్నే పడున్నప్పుడూ తప్పలేదు. ముక్కుకు వాసన తెలియని రోజుల్లో కూడా మందు మాత్రం రాసుకున్నాను.

సంధ్యావందనం ఇరవయ్యో ఏటే మానేశాను.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూసింది మా నాన్నగారు. మాది కోనసీమ. ఆయన పల్లెటూళ్లో పౌరోహిత్యం చేసి మమ్మల్ని పెంచారు గానీ ఆయన ప్రాణమంతా వేదకర్మలను విచారించే మీమాంసలో ఉండేది. పెళ్లిళ్ల రోజుల్లో కూడా మధ్యాహ్నం భోజనమయ్యాక అరుగు మీద చాప పరుచుకుని, ఎన్నోసార్లు చదివిన పుస్తకమే మళ్లీ తీసేవారు. నేను బీఫార్మసీ చదివి అమలాపురంలో మందుల షాపు పెట్టుకున్నాను. షాపు తెరిచిన రోజు వచ్చి, అద్దాల బీరువాల్లో వరసగా పేర్చిన డబ్బాలు ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసి, "ఇవన్నీ కామ్యాలేరా" అన్నారు. పూజ హడావిడిలో ఆ మాట పట్టించుకోలేదు.

అమ్మ పోయాక ఊళ్లో ఇంటికి తాళం వేసి మా దగ్గరికి వచ్చేశారు. పెరటి వసారాలో పంపు పక్కన గోడలో ఒక గూడు ఉంది. అందులో ఆయన పంచపాత్ర, ఉద్ధరిణి, విభూతి డబ్బా. వాటి పక్కనే నా మినాక్సిడిల్ సీసా, ఎందుకంటే ఇంట్లో వెలుతురు బాగా పడే అద్దం అక్కడే ఉంది. ఒకరోజు పొద్దున ఆయన సంధ్య వార్చుకుని లేస్తూ, డ్రాపర్‌లోకి మందు లాగుతున్న నన్ను చూసి ఆగారు.

"ఎంతరా అది?"

"ఒక ఎమ్మెల్, నాన్నగారూ."

"ఆచమనానికి అరచేతిలో మినపగింజ మునిగేటన్ని నీళ్లు చాలంటారు. నీది అంతకన్నా ఎక్కువే. రోజూనా?"

"రోజూ రెండు పూటలా."

"ఏం ఫలం?"

మందుల షాపువాణ్ని, కాబట్టి నిజం చెప్పాను. మొదట్లో రెండు మూడు వారాలకు ఇంకా ఎక్కువ రాలిందనీ, అది మందు పనిచేస్తున్న గుర్తేననీ, ఆరేడు నెలలకు నెత్తిమీద సన్నగా నూగు వచ్చి, తర్వాత కాస్త ముదిరిందనీ చెప్పాను. ఆ పైన కొత్తగా రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఉన్నది ఉంటోంది, అంతే.

"మానేస్తే?"

"మూడు నాలుగు నెలల్లో నిలబడినదంతా పోతుంది."

ఆయన నవ్వారు. నవ్వితే పొట్ట కదిలేది, పైకి చప్పుడు వచ్చేది కాదు. "ఒరేయ్ అబ్బాయ్, నువ్వు నిత్యకర్మ చేస్తున్నావురా!"

కర్మల్లో కామ్యమని ఒకటుంది. ఫలానాది కావాలనుకున్నవాడు చేసేది. వాన కావాలంటే కారీరి ఇష్టి, కొడుకు కావాలంటే పుత్రకామేష్టి. కోరిక లేనివాడికి ఆ పనితో సంబంధం లేదు. గ్రహణం పడితే స్నానంలాంటివి నైమిత్తికాలు, సందర్భం వస్తే చేసేవి. మూడోది నిత్యం. సంధ్యావందనం, అగ్నిహోత్రం ఈ కోవలోవి. చేస్తే ఇది వస్తుందని పైకి చెప్పే ఫలం ఉండదు, మానితే మాత్రం ప్రత్యవాయమనే దోషం చుట్టుకుంటుంది. చేసినందుకు కూలి లేదు, ఎగ్గొట్టినందుకు జరిమానా ఉంది. చిన్నప్పుడు నేను సంధ్య మానడానికి చెప్పుకున్న కారణం సరిగ్గా ఇదే. ఇదేం బేరం అనుకున్నాను. అలాంటి బేరమే నెలనెలా నాలుగైదు వందలు పోసి సీసాలో కొనుక్కుంటున్నానని నాకు తట్టలేదు.

మినాక్సిడిల్ కథ తెలిస్తే నాన్నగారు ఇంకా నవ్వేవారు. అది జుట్టు మందుగా పుట్టలేదు. అమెరికాలో అప్‌జాన్ అనే కంపెనీ రక్తపోటుకు మాత్రగా తెచ్చింది. 1979లో లోనిటెన్ పేరుతో అనుమతి వచ్చింది. మందు వేసుకున్నవాళ్లకు బీపీ తగ్గింది, దాంతోపాటు నుదుటిమీద, చెంపలమీద, చేతులమీద వెంట్రుకలు మొలిచాయి. ఆడవాళ్లు ఏడ్చారు, మగవాళ్లు తలమీద రాసుకుంటే ఏమవుతుందని అడిగారు. 1988లో రెండు శాతం ద్రావణం రోగైన్ పేరుతో బజారుకొచ్చింది. వద్దన్నచోట వచ్చిన ఫలాన్ని కావాలన్నచోటికి మళ్లించారు. ఇప్పటికీ అది కుదుళ్లలో ఏం చేస్తుందో పూర్తిగా తేలలేదు. కుదుళ్లలో ఉండే ఒక ఎంజైము దాన్ని సల్ఫేటుగా మార్చాలి. ఆ ఎంజైము తక్కువగా ఉన్నవాడు సీసాలకు సీసాలు పోసుకున్నా ప్రయోజనం ఉండదు. వాడికి ఆ కర్మలో అధికారం లేదన్నమాట.

ఆ రోజు కాదు గానీ, వారం తిరక్కుండా నాన్నగారు మళ్లీ ఆ మాటే ఎత్తారు. రాత్రి షాపు కట్టేసి వచ్చి అన్నం తింటున్నాను. ఎదురుగా పీట మీద కూర్చున్నారు.

"మానితే పోతుందన్నావు కదా. మానినందుకు పోతుందా?"

"అవును కదండీ."

"మానడం ఒక పనా? చెయ్యకపోవడమంటే ఏమీ లేకపోవడం. ఏమీ లేనిది వెళ్లి నీ జుట్టు పీకుతుందా?"

ఇది ఆయన సొంత ప్రశ్న కాదు. గీతాభాష్యంలో శంకరులు వేసిన ప్రశ్న. సంధ్య మానితే దోషం వస్తుందంటున్నారు, మానడం అభావం, దోషం భావం, లేనిదానినుంచి ఉన్నది ఎలా పుడుతుంది అని. తైత్తిరీయభాష్యం మొదట్లో ఇంకొంచెం ముందుకు వెళ్లారు. విధించిన పని చేయనివాడు దోషి అవుతాడని మనుస్మృతి పదకొండో అధ్యాయంలో ఉంది. అక్కడ 'చేయనివాడు' అన్న మాటలో ఉన్న ప్రత్యయం కారణాన్ని చెప్పడం లేదు, గుర్తును చెబుతోంది అన్నారు. నాన్నగారు నాకు దాన్ని ఇలా విప్పారు: "గొడుగు వేసుకొస్తున్నవాడు మీ మావయ్య అంటే, గొడుగు వేసుకోబట్టి మావయ్య అయ్యాడనా?" పాత పాపం లోపల ముందే ఉంది. అది ఉన్నవాడే మానుతాడు. మానడం దాని ఆనవాలు, అంతే. మీమాంసకుడైన కుమారిలుడి దారిలో వెళ్లేవాళ్లు దీనికి ఒప్పుకోరు. నాన్నగారు సంధ్య విషయంలో కుమారిలుడి పక్షం, తర్కం విషయంలో శంకరుల పక్షం. రెండూ ఎలా కుదిరాయని అడిగితే, "మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి" అనేవారు.

నాకు తెలిసిన శాస్త్రం నేను చెప్పాను. మగవాడి ఒంట్లో టెస్టోస్టిరాన్ ఉంటుంది. ఫైవ్ ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము దాన్ని డీహెచ్‌టీగా మారుస్తుంది. వంశంలో బట్టతల బీజం ఉన్నవాడికి నుదుటిమీది, నడినెత్తి మీది కుదుళ్లు ఈ డీహెచ్‌టీ తగిలి ఏటేటా చిక్కిపోతాయి. వెంట్రుక నూగవుతుంది, నూగు ఏమీ లేకుండా పోతుంది. చెవుల వెనక, మెడ పైన ఉన్న కుదుళ్లకు దాని బాధ లేదు. అందుకే ఎంత బట్టతలైనా అక్కడ అంచు మిగులుతుంది. 1942లో హామిల్టన్ అనే అమెరికా శరీరనిర్మాణ శాస్త్రవేత్త, యుక్తవయసు రాకముందే వృషణాలు పోయినవాళ్లకు బట్టతల రాదని చూశాడు. వాళ్లలో ఇంటి వరసలో బట్టతల ఉన్నవాళ్లకు టెస్టోస్టిరాన్ ఇస్తే మాత్రం వచ్చింది. 1974లో డొమినికన్ రిపబ్లిక్‌లో సలీనాస్ అనే పల్లెలో కొన్ని కుటుంబాల సంగతి బయటికొచ్చింది. అక్కడ కొందరు పిల్లలు పుట్టుకతో ఆడపిల్లల్లా కనిపించి, ఈడొచ్చాక మగవాళ్లయ్యేవారు. వాళ్లలో ఆ ఎంజైము లోపం. పెద్దయ్యాక ప్రోస్టేట్ గ్రంథి చిన్నగానే ఉండేది, బట్టతల వచ్చేది కాదు. ఆ లోపాన్నే మాత్రగా కట్టినట్టు మెర్క్ కంపెనీ ఫినాస్టరైడ్ చేసింది. 1992లో ప్రోస్టేట్ వాపుకు ఐదు మిల్లీగ్రాములు, 1997లో బట్టతలకు ఒక మిల్లీగ్రాము.

నాన్నగారు మజ్జిగ గ్లాసు పక్కనపెట్టి విన్నారు. "అయితే రాల్చేది ముందునుంచీ లోపల ఉంది. మందు దానికి అడ్డం నిలబడింది. మానితే అడ్డం తొలిగింది. రాల్చింది మానడం కాదు. మరి ఇందాక మానితే పోతుందన్నావేం?"

ఓడిపోయాను. ఓడిపోయినా సరదాగానే ఉంది. ఈ మాట షాపులో కూడా పనికొచ్చింది. ఏడాది వాడిన కుర్రాడు వచ్చి, "కొత్తగా ఏం రాలేదు సార్, డబ్బు దండగ" అంటే, ఫినాస్టరైడ్ మీద 1998లో అచ్చయిన పరీక్ష చెబుతాను. రెండేళ్లకు మందు వేసుకున్నవాళ్లలో నూటికి 83 మందికి వెంట్రుకల లెక్క తగ్గలేదు. మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 28 మందికే తగ్గలేదు. పోవలసింది పోకపోవడమే ఇక్కడ ఫలం, అది అద్దంలో కనపడదు. తిరుపతిలో గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందా అని అడిగేవాళ్లు వేరే ఉంటారు. రాదు. కత్తి కోసేది పైన ప్రాణం లేని పోగుని, కుదురుకు ఆ సంగతే తెలియదు. కొత్త మొనలు మొద్దుగా ఉండి చేతికి ఒత్తుగా తగులుతాయి. అసలు అక్కడి స్వామికే గొడ్డలిదెబ్బ తగిలినచోట జుట్టు రాకపోతే నీలాదేవి తన పాయ కోసి అతికించిందని కదా కథ. ఆ లెక్కన జుట్టు నాటే వైద్యానికి ఆవిడే ఆద్యురాలు. ఇప్పటి డాక్టర్లు మెడ వెనకనుంచి కుదుళ్లు తీసి ముందు నాటుతారు. చోటు మారినా ఆ కుదుళ్లు తమ గుణం మార్చుకోవు.

నాన్నగారి తర్కం నాకు కుదరనిది ఒకచోటే. కౌంటర్ దగ్గర.

ఫినాస్టరైడ్‌కు డాక్టరు చీటీ ఉండాలి. చీటీ తెచ్చినవాడికి కూడా మందు చేతిలో పెట్టేటప్పుడు చెప్పవలసినవి ఉన్నాయి. కొద్దిమందికి కోరిక తగ్గుతుంది, అంగస్తంభన తగ్గుతుంది. కొందరికి మానాక కూడా అది వదల్లేదని ఫిర్యాదులున్నాయి. మనసు కుంగడం ఉంది. ఆత్మహత్య ఆలోచనల సంగతి 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ లేబుల్ మీదికి ఎక్కించమంది, 2025లో యూరప్ సంస్థ అది దుష్ఫలితమేనని ఖాయం చేసింది. ఇవన్నీ చెప్పాలి. అయితే 2007లో ఇటలీ డాక్టర్లు ఒక పని చేశారు. ప్రోస్టేట్ వాపుకు ఐదు మిల్లీగ్రాముల ఫినాస్టరైడ్ ఇస్తూ, సగంమందికి లైంగికమైన దుష్ఫలితాలు రావచ్చని చెప్పారు, సగంమందికి చెప్పలేదు. ఏడాది తర్వాత అడిగితే చెప్పినవాళ్లలో 43.6 శాతం ఇబ్బంది ఉందన్నారు. చెప్పనివాళ్లలో 15.3 శాతం. మందు ఒకటే. మధ్యలో తేడా ఒక వాక్యం.

నేనే దానికి సాక్ష్యం. ఫినాస్టరైడ్ మూడు నెలలు వేసుకుని మానేశాను. మొదటి నెలంతా బాగానే ఉన్నాను. ఒక మధ్యాహ్నం షాపులో తోచక, డబ్బాలో మడతపెట్టిన కాగితం విప్పి, వృత్తిరీత్యా ఎన్నోసార్లు చూసిందే, ఈసారి నాకోసం చదివాను. ఆ రాత్రినుంచి మొదలైంది. మందా, కాగితమా అన్నది తేల్చుకునే ధైర్యం లేక మానేశాను.

ఇక్కడ చెప్పడం ఒక పని, దానికి ఫలం ఉంది. సరే. మరి చెప్పకపోవడం? ఒక కుర్రాడికి నేను కుంగుబాటు సంగతి చెప్పలేదనుకుందాం. వాడికి ఏదో అయితే, 'చెప్పకపోవడం అభావం, అభావం ఎవరికీ ఏమీ చెయ్యదు' అని వాళ్లమ్మకు చెప్పగలనా? కుదుళ్ల విషయంలో మానడం కారణం కాదు, ఒప్పుకుంటాను. కానీ ఎవరో నాకు అప్పజెప్పిన పని మానితే, కారణం అవునో కాదో గానీ, అది నా పేరుమీద ఎక్కడో జమ పడుతుంది. ప్రత్యవాయం అన్న మాటను పూర్వులు దీనికోసమే పెట్టుకున్నారేమో. నా జుట్టు కాపాడుకోమని నాకెవరూ విధించలేదు, అది మానితే దోషం లేదు. మిగతావాటికి శంకరులు నన్ను ఒడ్డెక్కిస్తారని నాకు నమ్మకం లేదు. ఈ మాట నాన్నగారితో అన్నాను. ఆయన వెంటనే ఏమీ అనలేదు. "షాపులో కుమారిలుడు, ఇంట్లో శంకరులు. నువ్వూ నాలాగే తయారయ్యావు" అన్నారు.

ఆయనకు బీపీ ఉంది. ఆమ్లోడిపిన్ ఐదు మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి. నెలనెలా షాపునుంచి నేనే తెచ్చి గూట్లో పెట్టేవాణ్ని. 2022 వర్షాకాలంలో ఒకసారి డాక్టరు దగ్గర చూపిస్తే 130, 80 వచ్చింది. "బాగుంది" అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చాక నాన్నగారు, "బాగుంటే ఇంకా ఎందుకురా ఇది?" అన్నారు. నేను చెప్పులు వేసుకుంటున్నాను. షాపుకి స్టాక్ వచ్చే టైము. "వేసుకోండి నాన్నగారూ" అని వెళ్లిపోయాను.

బీపీ మాత్రంత నిత్యకర్మ ఇంకోటి లేదు. వేసుకుంటే ఏమీ జరగదు, ఆ ఏమీ జరగకపోవడమే దాని ఫలం. ఈ సంగతి ఆయనకు చెప్పడానికి నా దగ్గర ఆయనిచ్చిన మాటలే ఉన్నాయి. రెండు నిమిషాల పని. డెబ్భై ఏళ్లు సంధ్య తప్పని మనిషి, ఆ మాటల్లో చెబితే మాత్ర కూడా తప్పేవారు కాదు.

కార్తీకమాసంలో తెల్లవారుజామున స్నానానికి లేచి వసారాలో పడిపోయారు. మెదడులో నరం చిట్లింది. కాకినాడ తీసుకెళ్లేలోపే అయిపోయింది. మూడోరోజు ఆయన పంచాంగం తీస్తే, రబ్బరుబ్యాండు వేసిన స్ట్రిప్పులు దొరికాయి. పదేసి మాత్రలవి ఏడు. ఒక్కటీ చింపలేదు. పారెయ్యలేదు, నాకు చెప్పలేదు, దాచిపెట్టారు. షాపులో బీపీ మందులకు నెల తిరిగినా రాని వాళ్లకు నేను ఫోన్ చేస్తాను. మా గూట్లో నా సీసా పక్కన ఆయన మాత్రల పెట్టె ఉండేది. సీసాలో మందు ఎంత తగ్గిందో రోజూ చూసుకున్నాను.

ఆయన ఉంటే నన్ను విడిపించేవారు. రోగం లోపల ముందే ఉందిరా, మాత్ర అడ్డం నిలబడింది, మానడం ఏమీ చెయ్యలేదు అనేవారు. గొడుగు ఉదాహరణ మళ్లీ చెప్పేవారు. ఆ వాదం ఇప్పటికీ తప్పని నేను అనలేను. ఎన్నిసార్లు తిరగేసినా ఎక్కడా పగులు కనిపించదు.

పదోరోజు ముక్తేశ్వరం రేవులో నాకు క్షౌరం చేశారు. పదమూడేళ్లు నిలబెట్టినది పావుగంటలో గోదావరి గట్టున పడింది. మైల రోజుల్లో మందు రాయలేదు. అవి అయ్యాక కూడా రాయలేదు. ఇందులో త్యాగమేమీ లేదు. పొద్దున ఆరున్నరకు ఆ అద్దం ముందుకు, ఆ గూటి దగ్గరికి వెళ్లలేకపోయాను, అంతే. జుట్టు పెరగడం మొదలైంది, సంక్రాంతికి ఒత్తుగానే ఉంది. ఉగాది దగ్గర పడేసరికి దిండుమీద కనిపించడం మొదలైంది. ఎండలు ముదిరేసరికి నడినెత్తి నున్నగా అయింది. మా ఆవిడ ఒకసారి, "సీసా తెచ్చుకోవచ్చుగా, షాపు మనదే" అంది. మళ్లీ అనలేదు.

ఆబ్దికానికి మళ్లీ అదే రేవు, అదే క్షురకుడు. తల తడిపి, నెత్తిమీద చెయ్యి పెట్టి, "పోయినేడు పావుగంట పట్టిందండీ" అన్నాడు. పక్కన దర్భలు సర్దుకుంటున్న పురోహితుడుగారు నాన్నగారి శిష్యుడే, నాకన్నా చిన్నవాడు, చనువున్నవాడు. పాపాలన్నీ వెంట్రుకలను పట్టుకుని ఉంటాయనే కదా క్షౌరం చేయించేది, "మీకు ఆ బాధ లేదు మావయ్యా, నిలబడ్డానికి చోటేదీ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కత్తి నడినెత్తి మీద రెండు గీతలు గీసి, పక్కకు జారింది. చెవుల వెనక, మెడ పైన ఇంకా ఒత్తుగానే ఉంది. అక్కడ మళ్లీ తడిపి, కత్తి మార్చి, తల వంచమని, అతనికి కాస్త ఎక్కువసేపే పట్టింది.